బ్యాంకు ఇస్తానన్నంత మాత్రాన మోయగలమా?

ప్రశ్న: మాది రెండు పడక గదుల ఫ్లాటు. రుణం మీద కొన్నాం, ఇంకా వాయిదాలు నడుస్తున్నాయి. పాపకు ఆరేళ్లు, బాబుకు ఏడాదిన్నర. ఇద్దరం ఉద్యోగం చేస్తున్నాం, నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పనిచేస్తాను. అత్తగారు ఏడాదిలో నాలుగైదు నెలలు మా దగ్గరే ఉంటారు. అప్పుడు పాప ఆమె దగ్గర పడుకుంటుంది, బాబు మా గదిలోనే. ఇల్లు ఇరుకైపోయింది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఒకరి పని ఇంకొకరికి అడ్డం. ఈ ఫ్లాటు అమ్మేసి, కాస్త దూరంగా మూడు పడక గదుల ఇల్లు కొనాలని మావారు (వయసు 37) పట్టుదలగా ఉన్నారు. ఇల్లు చూశాం, నచ్చింది. 20 ఏళ్ల గడువుకు 9 శాతం మారే వడ్డీ మీద రుణం ఇస్తామని బ్యాంకు చెప్పింది. భారమనిపిస్తే 25 ఏళ్లు పెట్టుకోమంది. దాచుకున్నది పెట్టేశాక నాలుగు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు చేతిలో మిగులుతుంది. ‘భయపడుతూ కూర్చుంటే ఎప్పటికీ కొనలేం, ధరలు ఆగవు’ అంటారు మావారు. బాబు తరచూ జబ్బు పడుతున్నాడు కాబట్టి కొన్నాళ్లు ఉద్యోగం మానేయాలని కూడా నాకు ఉంది. ఆ మాట ఆయనతో ఇంకా గట్టిగా అనలేదు. మా ఆదాయ వ్యయాలు, మిగతా వివరాలు విడిగా రాసి పంపుతున్నాను. ఆ ఇల్లు కొనగలమా? 
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం: ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ ఇంటిని, ఆ రుణంతో, ఈ ఏడాది కొనకండి. పెద్ద ఇల్లు మీకు అవసరమే. మీరు పంపిన లెక్కలు చూస్తే అది అందని కోరిక కూడా కాదు. కాకపోతే దానికి ఇంకా మూడున్నరేళ్లు పట్టవచ్చు. ఈ మాట మీవారికి నచ్చకపోవచ్చు. ఆయన కోరుకున్నది తప్పని నేను అనడం లేదు. పిల్లలు కాళ్లు చాపుకుని ఆడుకోవాలని, తల్లికి తనదంటూ ఒక మంచం ఉండాలని కోరుకునే మనిషి మీద నాకు గౌరవమే. ఆయన వేసిన లెక్కలో కొన్ని వరుసలు లేవు, అంతే.

మీ ఇంటి అంకెలు బయటపెట్టడం బాగుండదు కాబట్టి మీ ఇద్దరి చేతికందే నెల జీతాన్ని 100 అనుకుందాం. అందులో ఆయనది 62, మీది 38. ఇప్పటి ఇంటి వాయిదా 21, నిర్వహణ రుసుము 3, కారు వాయిదా 6, పాప బడి, బాబు సంరక్షణ కలిపి 13, ఇంటి ఖర్చు 30, అత్తగారి మందులు, వైద్యం 6, బీమా ప్రీమియాలు, ఏడాదికోసారి వచ్చే ఖర్చులను నెలలకు పంచితే 6. మొత్తం 85. మిగిలే 15 దాచుకుంటున్నారు. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో నెలనెలా 15 మిగల్చడం తేలిక కాదు. ఆ విషయంలో మీ ఇద్దరినీ మెచ్చుకోవాలి.

కొత్త ఇంటి వాయిదా 38. ఇప్పటి 21తో పోలిస్తే 17 ఎక్కువ. ‘మిగిలేది 15, కావలసింది 17, రెండే కదా తక్కువ, 14 నెలల్లో కారు అప్పు తీరితే పైన నాలుగు మిగులుతుంది’ అన్నది మీవారి లెక్క. పైకి చూస్తే సరిగ్గానే ఉంది. కానీ ఇల్లు పెరిగితే వాయిదా ఒక్కటే పెరగదు. మీరు పంపిన వివరాల ప్రకారమే కొత్త చోట నిర్వహణ రుసుము 5, అంటే మరో 2. ఆఫీసులకు దూరం పెరుగుతుంది కాబట్టి ప్రయాణ ఖర్చు మరో 3 అని మీరే రాశారు. ఇంకో గది, ఇంకో స్నానాల గది వస్తే కరెంటుకూ నీటికీ మరో 1 వేసుకుందాం. 17 కాస్తా 23 అయింది. మిగులుతున్నది 15. అంటే నెలకు 8 లోటు. కారు అప్పు తీరాక కూడా 2 లోటు. ఇదంతా ఎవరికీ ఏమీ కాని, అన్నీ సవ్యంగా నడిచే నెలలో.

బాబు రెండేళ్లలో బడికి వెళ్తాడు, సంరక్షణ ఖర్చు ఆగిపోతుందని మీరొక చోట రాశారు. దాన్ని ఆదాగా లెక్కవేయకండి. ఆ చోటులోకి బడి ఫీజు వచ్చి కూర్చుంటుంది.

ఇక నన్ను అన్నింటికంటే ఎక్కువ కలవరపెట్టిన విషయానికి వస్తాను. కొత్త వాయిదా 38. మీ జీతం 38. మీ జీతమంతా ఆ ఇంటి వాయిదాకే పోతుంది. అదే జాబులో చివరన, గొంతు తగ్గించి అన్నట్టుగా, ఉద్యోగం కొన్నాళ్లు మానేయాలని ఉందని రాశారు. మీరు వీటిని రెండు వేర్వేరు సంగతులుగా చూస్తున్నారు. నాకు మాత్రం రెండూ ఒకటే ప్రశ్న. మీరు మానేసిన నెలలో ఇంటికి వచ్చేది 62. అందులోంచి 38 వాయిదా కడితే మిగిలేది 24. మీ ఇంటి ఖర్చే 30. బడి, మందులు, కారు, బీమా ఇంకా ముట్టుకోలేదు. మొత్తం మీద కొత్త ఇంట్లో ఖర్చు 108, రాబడి 62, నెలకు 46 లోటు. బాబు ఇంట్లోనే ఉంటే సంరక్షణ ఖర్చు కొంత తగ్గుతుంది కానీ ఆ లోటు పూడదు. ఇప్పటి ఇంట్లోనే ఉండి మానేస్తే లోటు 23. అది కూడా చిన్నదేమీ కాదు, కానీ మీరు దాచుకున్న డబ్బు దాన్ని ఆరు నెలలో ఏడాదో మోయగలదు.

అందుకే ఇంటి సంగతి మాట్లాడేముందు మీ ఉద్యోగం సంగతి మాట్లాడండి. ఆయనకు తెలియకుండా ఆ ఆలోచన మీ మనసులో ఉంచుకుని ఇంటి పత్రాల మీద సంతకం పెడితే, రేపు బాబుకు జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆ వాయిదా మీ గుండెల మీద కూర్చుంటుంది. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం పిరికితనం కాదని నా నమ్మకం. ఆయన లెక్కలో లేని అంకె ఒకటి మీకు తెలుసు, అది ఆయనకు ఇంకా తెలియదు.

బ్యాంకు ఇస్తానంది కదా అంటారేమో. బ్యాంకు చూసేది తన డబ్బు తిరిగి వస్తుందా లేదా అన్నది. ఆదాయంలో మూడో వంతు నుంచి సగం దాకా వాయిదాలకు పోయినా చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. మీ అత్తగారి మందులు, మీ ప్రయాణాలు, మీరు తీసుకోవాలనుకున్న విరామం వాళ్ల కాగితంలో ఉండవు. వాళ్లు చెప్పే అంకె మీరు తీసుకోగల గరిష్ఠం. మీరు హాయిగా మోయగలిగింది దానికంటే చాలా కింద ఉంటుంది.

మారే వడ్డీ అన్న మాట దగ్గర కూడా కాసేపు ఆగాలి. మీరు తీసుకోబోయే రుణం మీ 42 నెలల ఆదాయానికి సమానం. 9 శాతం మీద మొదటి నెల కట్టే 38లో దాదాపు 32 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 6 చిల్లర. అయిదేళ్లు తప్పకుండా కట్టారనుకోండి, దాదాపు 23 నెలల ఆదాయం కట్టినట్టు. అసలులో తగ్గేది అయిదు నెలల ఆదాయం కూడా ఉండదు. నాలుగైదేళ్లలో ఇబ్బంది వచ్చి అమ్ముకోవలసి వస్తే చేతికి ఏమీ మిగలదని చాలామంది బాధపడేది ఇందుకే.

రేటు 10 శాతానికి పెరిగితే మీ వాయిదా 38 నుంచి దాదాపు 41కి వెళ్తుంది. చాలా సంస్థలు అలా వాయిదా పెంచకుండా గడువు పొడిగిస్తాయి. వాళ్లు పంపే సమాచారం గమనించకపోతే మీకు తెలియనైనా తెలియదు. రుణం మొదట్లోనే ఆ ఒక్క శాతం పెరిగితే 20 ఏళ్ల రుణం 26 ఏళ్లు దాటుతుంది. మీవారికి అప్పటికి 63. ఇక 11 శాతానికి వెళ్తే ఆ 38 నెల వడ్డీకి కూడా చాలదు, వాయిదా పెంచక తప్పదు. రేట్లు కచ్చితంగా పెరుగుతాయని నేను చెప్పడం లేదు. 20 ఏళ్లలో ఒకటి రెండు శాతాలు పైకీ కిందికీ కదలడం మాత్రం మామూలే. మీ దగ్గర నెలకు రూపాయి మిగలనప్పుడు ఆ మామూలు కదలికే పెద్ద దెబ్బ అవుతుంది.

25 ఏళ్ల గడువు మాట మరిచిపోండి. వాయిదా 38 నుంచి 35న్నరకు తగ్గుతుంది, నిజమే. ఆ రెండున్నర కోసం మొత్తం మీద 15 నెలల పూర్తి ఆదాయం ఎక్కువ కట్టాలి. మధ్యలో అదనంగా కట్టి ముందే తీర్చేయవచ్చు కదా అంటారు. తీర్చవచ్చు, నెలకు ఎంతో కొంత మిగిలేవాళ్లు.

ఇప్పుడు ‘ధరలు ఆగవు’ అన్న మాట. మీవారి వాదనలో బలమున్నది ఇక్కడే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ధర పెరిగినదంతా నష్టమే. మీకు అలా కాదు, మీ ఫ్లాటు ధర కూడా పెరుగుతుంది. మీరు చూడవలసింది రెండింటి మధ్య తేడా. మీ ఫ్లాటు 100 విలువైతే కొత్త ఇల్లు 160 అనుకోండి, తేడా 60. రెండూ పదేసి శాతం పెరిగితే 110, 176. తేడా 66. అంటే ఆగితే ఖర్చు పెరుగుతుంది, ఆ మాట నేను దాచను. కానీ ఆయన భయపడుతున్నట్టు 16 కాదు, 6 పెరుగుతుంది. ఆ ఆరును మీ పొదుపూ, ఈలోగా మీ పాత రుణంలో తగ్గే అసలూ చాలావరకు పూడుస్తాయి.

కొంతసేపు డబ్బు పక్కన పెట్టి ఇంటి గురించి మాట్లాడుకుందాం. ఇల్లు ఇరుకని రాశారు కానీ, రోజంతా ఇరుకు కాదు. సాయంత్రం మూడు గంటలు ఇరుకు. అత్తగారు ఉన్న నెలల్లో రాత్రి కూడా. ఆ మూడు గంటల్లో ఏం జరుగుతోందో ఒక వారం పాటు రాసి చూడండి. మీ జాబులోంచి నాకు అర్థమైనంతవరకు, పాప భోజనాల బల్ల మీద పుస్తకాలు పరుస్తుంది, వడ్డించే వేళకు తీయాలి, మళ్లీ పరవాలి. మీవారు ఫోను మాట్లాడటానికి పడక గదిలోకి వెళ్తారు, బాబు అక్కడే నిద్రపోతుంటాడు. వరండాలో పెట్టెలు, చిన్నవైపోయిన బట్టలు, వాడని తొట్టిలాంటి సామాను పేరుకుని ఉంది. మూడో పడక గది వస్తే వీటిలో కొన్ని తీరతాయి. పాపకు గోడకు బిగించే మడత బల్ల ఒకటి, వరండాలోని సామానులో సగం బయటికి పంపడం, ఫోను మాట్లాడటానికి ఆ ఖాళీ అయిన వరండాలో ఒక కుర్చీ ఉన్నా కొన్ని తీరతాయి. ఇవి శాశ్వతం కావు. మూడేళ్లు గడవడానికి చాలు.

పిల్లలిద్దరూ ఇప్పుడు ఒకే గదిలో పడుకోవచ్చు. ఆడపిల్లకు తన తలుపు తనకు కావలసిన వయసు పది, పదకొండు దాటాక వస్తుంది. అంటే మీ చేతిలో నాలుగేళ్లకు పైగా సమయం ఉంది. ఈ సంగతి మీవారితో తప్పకుండా అనండి. ఇల్లు ఎప్పటికి కావాలో తేలితే, ఇప్పుడే కొనకపోతే ఇక అయిపోయిందన్న ఆరాటం తగ్గుతుంది.

ఆగలేమంటే మధ్యేమార్గం ఒకటుంది. మీ ఫ్లాటు అద్దెకిచ్చి, మీ పేటలోనే పెద్ద ఇల్లు అద్దెకు తీసుకోవడం. అక్కడ పెద్ద ఇల్లు కొనలేమని రాశారు, అద్దె గురించి అడిగినట్టు లేదు. వచ్చే అద్దెకూ ఇచ్చే అద్దెకూ తేడా ఎంతో కనుక్కోండి. అది 17 కంటే బాగా తక్కువగా ఉంటే ప్రయాణ భారం లేకుండా, పాప బడి మారకుండా పెద్ద ఇంట్లో ఉండి చూడవచ్చు. మూడో గది నిజంగా ఎంత ఊరటనిస్తుందో కూడా తెలుస్తుంది. అద్దె అంటే డబ్బు నీళ్లపాలు అన్న మాట చాలామంది అంటారు. నెలకు 38 కట్టి అందులో 32 వడ్డీకి పోయినప్పుడు ఆ మాట ఎవరూ అనరు.

ఇక మీరిద్దరూ కలిసి చేయవలసిన పరీక్ష. వచ్చే నెల జీతాలు పడిన రోజునే కొత్త ఇంటికి అదనంగా అయ్యే 23ను వేరే ఖాతాలోకి పంపేయండి. ఇప్పుడు దాస్తున్న 15 అందులోనే కలుస్తుంది. మిగతా 77తో నెల గడపండి. ఆరు నెలలు. ఆ ఖాతాను ముట్టుకోకూడదు. క్రెడిట్ కార్డు మీద తోసేయకూడదు. అత్తగారి మందుల్లో, బీమాలో కోత పెట్టకూడదు. మూడో నెలలోనే ఆ ఖాతాలోంచి తీయవలసి వస్తే మీకు జవాబు దొరికినట్టే, అదీ ఏ అప్పూ నెత్తిన పడకుండా. ఆరు నెలలు నిలబడితే ఆ ఖాతాలో 138 ఉంటుంది, ఒక నెల జీతం కంటే ఎక్కువ. ఇది చేసి చూద్దామంటే మీవారు కాదనరని అనుకుంటున్నాను. ఇందులో ఎవరి మాటా ఓడిపోదు.

ఎంత అయితే కొనవచ్చు అంటారా? మీ విషయంలో నేను పెట్టే గీత ఇది. వాయిదా 31 దాటకూడదు, అంటే మీవారి ఒక్క జీతంలో సగం. కొన్న తర్వాత కూడా ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి, కొత్త వాయిదాతో కలిపి వేసిన ఖర్చు. ఒక్క జీతం మీద అప్పుడైనా ఇల్లు పూర్తిగా గడవదు. కానీ కారు అప్పు తీరిపోయి ఉంటుంది కాబట్టి ఆ నిల్వతో ఏడాదికి పైగా నెట్టుకురావచ్చు. మీరిప్పుడు చెబుతున్న నాలుగు నెలల నిల్వలో రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ, పాత ఇల్లు అమ్మిపెట్టిన మధ్యవర్తి రుసుము, అల్మరాలు, సామాను తరలింపు ఏవీ ఉన్నట్టు లేవు. వాటికే కనీసం రెండు నెలల నిల్వ కరిగిపోతుందని అనుకోండి.

వాయిదా 38 నుంచి 31కి దిగాలంటే రుణం ఎనిమిది నెలల ఆదాయమంత తగ్గాలి. నిల్వ ఆరు నెలలకు చేరాలంటే మరో నాలుగు. మొత్తం 12 నెలల ఆదాయం కూడబెట్టాలి. నెలకు 23 చొప్పున దాస్తూ, కారు అప్పు తీరాక 29 చొప్పున దాస్తే మూడున్నరేళ్లు దాటిన కొద్ది నెలలకు అక్కడికి చేరతారు. పాపకు అప్పటికి పదేళ్లు నిండవు. 15 చొప్పునే దాస్తే, కారు వాయిదా కూడా తర్వాత అందులో కలిపినా, అయిదేళ్లు పడుతుంది. జీతాలు పెరిగితే ముందుకు జరుగుతుంది, ఇళ్ల ధరలు మరీ పెరిగితే వెనక్కు జరుగుతుంది. మీరు ఉద్యోగానికి విరామం తీసుకుంటే ఇంకా వెనక్కు. అందుకు బాధపడకండి, బాబు ఆరోగ్యం కంటే గది ముఖ్యం కాదు. ఏడాదికోసారి ఈ లెక్క ఇద్దరూ కూర్చుని మళ్లీ వేయండి. రెండున్నర గదుల ఇల్లు, అంటే చిన్న మూడో గదో చదువుకునే గదో ఉన్న ఇల్లు, దొరికితే ఈ దూరం బాగా తగ్గుతుంది. మీవారు దాన్ని ఎందుకు చూడలేదో నాకు అర్థం కాలేదు.

అమ్మి కొనేవాళ్లు చిక్కుకునే చోటు ఇంకొకటి ఉంది. పాత ఇల్లు అమ్ముడుపోకముందే కొత్తది కొంటే రెండు వాయిదాలూ ఒకేసారి కట్టాలి. మీ విషయంలో 21, 38 కలిపి 59. రోజు వచ్చినప్పుడు ముందు మీ ఫ్లాటు కొనేవారితో ఒప్పందం రాసుకోండి, ఆ తర్వాతే కొత్త ఇంటికి మాట ఇవ్వండి.

ఆ ఇంటి యజమాని నెలాఖరులోగా బయానా ఇవ్వమంటున్నారని, ఇంకో ఇద్దరు చూసి వెళ్లారని చివర్లో రాశారు. ఇవ్వకండి. బయానా ఇచ్చాక వెనక్కి తగ్గితే ఆ డబ్బు తిరిగి రావడం చాలాసార్లు కష్టమవుతుంది, ఆ డబ్బు కోసమే మనసొప్పని ఇల్లు కొన్నవాళ్లు ఉన్నారు. ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు కొనుక్కోనివ్వండి. ఈ ఆదివారం మీవారితో కూర్చుని మీ ఉద్యోగం మాట ముందు చెప్పండి. ఆ తర్వాత 38, 62 అన్న రెండు అంకెలు కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి.